మూడు గాట్ల గాస్కెట్

ఏది ముందు పాడవ్వాలో ముందే తేల్చుకుని ఇంజను కట్టిన మనిషిని మంచి మేస్త్రీ అనవచ్చునా? బాంగ్ ఫై కాలువ మీద ఈ మాట ఎత్తితే ఇప్పటికీ ఈ గట్టున ఒక జవాబు, ఆ గట్టున ఇంకొక జవాబు వినిపిస్తాయి. ఇన్నేళ్ళుగా రెండూ విని, రెంటికీ తల ఊపి, ఏదీ ఒప్పుకోలేక మిగిలిపోయినవాళ్ళూ ఉన్నారు. లమూన్‌ని అడిగితే మాత్రం జవాబు రాదు. చేతిలో పని మీంచి కళ్ళెత్తకుండా, "ముందు ఆ పానా ఇటివ్వు" అంటుంది.

లమూన్‌ది కాలువ మలుపులో రేకుల షెడ్డు. ఇంజను మొత్తం ఆమె ముట్టుకోదు. పైన మూతలా కూర్చునే హెడ్డు, దాని కింద బ్లాకు పైభాగం, ఆ రెంటి మధ్య అట్టలా పరుచుకునే గాస్కెట్, అంతవరకే ఆమె రాజ్యం. లోపలి మంటా, పక్కన పారే నీళ్ళూ, నూనే ఒకదాంట్లో ఒకటి కలవకుండా ఆపేది ఆ పల్చని అట్టే. పని నేర్పింది తండ్రి, బియ్యం మిల్లులో ఇంజను చూసుకునేవాడు. మొగుడు రాచ్‌బురీలో ఇంకొక ఇల్లు చూసుకుని వెళ్ళిపోయిన రోజున లేతు మిషను పట్టుకెళ్ళాడు, హెడ్డు చదును చేసే రాతి మిషను మాత్రం ఎత్తలేక వదిలేశాడు. "ఆయన జన్మలో నాకు చేసిన ఒక్క మేలు నడుం నొప్పి తెచ్చుకోవడమే" అనేది లమూన్. ఆ మిషను మీదే ముప్ఫై ఏళ్ళు బతికింది.

పందెం పడవకి ఎడమ పక్క పడవ పేరు, దాని కింద పడవ నడిపే సరంగు పేరు, ఆ కింద మేస్త్రీ పేరు రాయించడం ఆ కాలువ అలవాటు. ఇంజను నుంచి పొడవాటి ఇనుప కడ్డీ తోకలా వెనక నీళ్ళలోకి దిగే 'బంగారు నాగు' అనే పొడుగుతోక పడవ మీద పంతొమ్మిదేళ్ళుగా మూడో పేరు లమూన్‌ది. ఏటా వానలు వెనక్కి తగ్గాక రంగులు వేసేవాడు నాగు పొలుసులతో పాటు ఆమె పేరుకీ కొత్త పసుపు పూసేవాడు. ఆడమనిషి పేరున్న పందెం పడవ అక్కడ ఇంకొకటి లేదు. అయితే పేరు ఎక్కవచ్చు గాని మనిషి ఎక్కకూడదు. పడవ ముక్కులో మే యానాంగ్ అనే తల్లి ఉంటుంది. పూలదండలు, రంగు గుడ్డలు కట్టి ఆమెను కొలుస్తారు. పందెం పడవలో ఆడది కాలు పెడితే ఆ తల్లి లేచి వెళ్ళిపోతుందని వాళ్ళ నమ్మకం. అందుకని ఇంజనే పడవ దిగి లమూన్ షెడ్డుకి వచ్చేది. పని అయ్యాక నలుగురు మగవాళ్ళు మోసుకెళ్ళి బిగించుకునేవాళ్ళు. పంతొమ్మిదేళ్ళలో ఆ పడవలో ఏం జరుగుతున్నా ఆమె గట్టు మీంచే చూసింది.

ఆ ఏడు పందెం పెద్దలు కొత్త తరగతి ఒకటి పెట్టారు. కంపెనీలో ఎలా పుట్టిందో ఇంజను లోపల అలాగే ఉండాలి. పిస్టన్లు, రాడ్లు, క్రాంకు ఏవీ మార్చకూడదు. అందుకు గుర్తుగా కింది నూనె తొట్టి బోల్టుల మీద పసుపు రంగు చుక్కలు పెట్టి వెళ్ళారు. చుక్క చెదిరితే పడవ పందెంలో లేనట్టే. ఇంజనులోకి గాలి కుక్కే టర్బో ఎవరిష్టం వాళ్ళది, గాస్కెట్ ఎవరిష్టం వాళ్ళది. ఇంకేముంది, కాలువంతా గాస్కెట్ మేధావులైపోయారు. నూడుల్స్ అమ్మే పడవ దగ్గర కూడా గిన్నె పట్టుకుని అవే మాటలు.

'బంగారు నాగు' యజమాని తవిల్ ఒక పొద్దున ఇంజను మోయించుకొచ్చాడు. అరవై దాటిన మనిషి, చేపల చెరువులవాడు, నోరు పెద్దది, మనసు చెడ్డది కాదు. వెంట సరంగు జుక్ వచ్చాడు, తవిల్ మేనల్లుడు, ఇరవై ఆరేళ్ళవాడు. వెనక మోటారు సైకిలు మీద బంచా దిగాడు. బంచా పట్నంలో రోడ్డు పందేల ట్రక్కులు కట్టే మేస్త్రీ. అతని చేతిలో వెండిలా మెరిసే గాస్కెట్ ఉంది.

"ఇదిగో చెల్లెమ్మా, చూడు. మూడు పొరల స్టీలు" అన్నాడు తవిల్. "బంచా మన కోసం తెప్పించాడు. దీన్ని ఏనుగు తొక్కినా చిరగదు."

లమూన్ కళ్ళద్దాలు ముక్కు మీదికి లాక్కుని, గాస్కెట్‌ని వెలుతురుకి పట్టి, వెనక్కిచ్చింది.

"బావుంది. అన్నం తిన్నారా?"

"తిన్నాం గాని, వేస్తున్నట్టా?"

"వెయ్యను."

బంచా నవ్వాడు. "ఎందుకక్కా? మా ఊళ్ళో అరవై బళ్ళకి వేశాను. ఒక్కటి పోలేదు."

"మీ బళ్ళలో నీళ్ళు ఎక్కడివి తమ్ముడూ?"

"రేడియేటర్‌వి. మందు కలిపిన నీళ్ళు."

"ఇక్కడ?"

బంచా కాలువ వైపు చూశాడు. అప్పుడే ఒక ఆకుల గుబురు, ఒక చెప్పు కొట్టుకుపోతున్నాయి.

లమూన్ బ్లాకు మీద గుడ్డ తీసింది. నీటి కన్నాల చుట్టూ ఇనుము పుచ్చుపళ్ళలా గుంటలు పడి ఉంది. "పదేళ్ళు ఈ కాలువ నీళ్ళు తాగిన ఇనుము ఇది. నీ స్టీలు అద్దం లాంటి నున్నటి మొహం మీదే కూర్చుంటుంది. హెడ్డుని అద్దం చెయ్యగలను. బ్లాకుని చెయ్యాలంటే లోపలున్నదంతా విప్పాలి. విప్పితే పెద్దలు పెట్టిన చుక్కలు పోతాయి. మెత్తటి అట్ట ఐతే ఆ గుంటల్లోకి ఒదిగిపోతుంది."

"జిగురు మందు పూద్దాం" అన్నాడు బంచా.

"పూస్తే కూర్చోవచ్చు" అంది లమూన్. "అయినా వెయ్యను."

తవిల్‌కి విసుగొచ్చింది. "అదేంటే? కూర్చుంటుందని నువ్వే అంటున్నావు, వెయ్యనని నువ్వే అంటున్నావు. పోనీ రాగి రేకు కొయ్యి. వెనక కోసేదానివి కదా."

రాగి మాట వినగానే లమూన్ చేతిలో గుడ్డ ఆగింది. జుక్ అది చూశాడు.

"అన్నా, నువ్వు అడిగేది గట్టి గాస్కెట్" అంది నెమ్మదిగా. "పిస్టన్లు పాతవి, రాడ్లు పాతవి, కంపెనీ వాడు టర్బో లేని రోజుల్లో పోసినవి. మనం పైన టర్బో పెట్టి గాలి కుక్కుతున్నాం. ఎప్పుడో ఒకప్పుడు హద్దు దాటుతుంది. దాటినప్పుడు ఏదో ఒకటి పోవాలి. గాస్కెట్ పోతే ఆవిరి వస్తుంది, పడవ ఆగుతుంది. అది పోకుండా నువ్వు స్టీలుతో కట్టేస్తే రాడ్డు పోతుంది. రాడ్డు పోయిందంటే బ్లాకు పక్కన చీల్చుకుని బయటికొస్తుంది. ఆ పక్కన ఎవరు కూర్చుంటారు?"

ముగ్గురూ జుక్ మోకాళ్ళ వైపు చూశారు. పొడుగుతోక పడవలో ఇంజను సరంగు ఒళ్ళో ఉన్నట్టే ఉంటుంది.

"అయ్యో పిన్నీ, నా కాళ్ళ గురించి నాకు లేని దిగులు నీకెందుకు?" అన్నాడు జుక్ నవ్వుతూ. "నేను గెలవాలి. కాళ్ళదేముంది, రెండున్నాయి."

"నోర్ముయ్యి. తల మాత్రం ఒక్కటే, అది కూడా ఖాళీ."

"పోతుందని ముందే అనుకుని ఇంజను కట్టేవాళ్ళని మా పట్నంలో మేస్త్రీ అనరక్కా" అన్నాడు బంచా. మర్యాదగానే అన్నాడు, నవ్వుతూనే.

"మీ పట్నంలో ఏమంటారో నాకు తెలియదు. ఇక్కడ నా పేరు పడవ మీద ఉంది. నా పేరున్న పడవలో నేను చెప్పిన అట్టే పడుతుంది. లేదంటే ఇదిగో తలుపు, అదిగో మీ ఇంజను."

తవిల్ మొహం ఎర్రబడింది. మనుషులు చూస్తున్నారు. టీ దుకాణం వాడు కూడా నల్ల కాఫీ గ్లాసుతో గుమ్మం దాకా వచ్చేశాడు.

"సరే. నీ అట్టే వెయ్యి. కానీ పందెంలో అది పోయిందనుకో, నీ పేరు పడవ మీంచి తీసేస్తాను. పంతొమ్మిదేళ్ళు అని చూడను."

"చూడకు" అంది లమూన్. "నేను చెప్పిన గాలే కుక్కితే పోదు. గాలి ఒత్తిడి చూపే ముల్లు పచ్చ గీత దాటకూడదు. స్ప్రింగుని ఎవరూ ముట్టుకోకూడదు. ఇది నా మాట, అది నీ మాట."

టర్బోలో గాలి ఎక్కువైతే బయటికి వదిలే ఒక చిన్న తలుపు ఉంటుంది. దాన్ని మూసి పట్టుకునేది ఆ స్ప్రింగు. స్ప్రింగు ఎంత గట్టిగా ఉంటే గాలి అంత ఎక్కువ. గాలి పెరిగితే పంపు తనంతట తనే డీజిలు కూడా ఎక్కువ పోస్తుంది.

అందరూ వెళ్ళాక జుక్ మిగిలాడు, హెడ్డు ఎత్తడానికి సాయం. లమూన్ పిస్టన్లని ఒక్కొక్కటే పైకి తిప్పి, బ్లాకు మీద ఎంత పైకి వస్తున్నాయో ముల్లు పెట్టి కొలిచింది. కంపెనీ గాస్కెట్ మూడు మందాల్లో వస్తుంది. పల్చని దానికి అంచున ఒక గాటు, మధ్య దానికి రెండు, మందపు దానికి మూడు. కొలత ప్రకారం రెండు గాట్లది సరిపోతుంది. ఆమె రెండు గాట్లది పక్కన పెట్టి మూడు గాట్లది తీసింది.

"ఇదెందుకు?" అన్నాడు జుక్.

"పైన ఇంకొంచెం చోటు ఉంటుంది. గాలి ఎక్కువ పోసే చోట ఊపిరి తీసుకోవడానికి ఉండాలిగా."

"బలం తగ్గదూ?"

"ఒక వీసం తగ్గుతుంది."

"పిన్నీ, రాగి అంటే చెయ్యి ఆపావెందుకు?"

ఆమె బోల్టులన్నిటికీ ఒక్కొక్కదానికే నూనె రాసింది. తర్వాత అంది. "నువ్వు పుట్టకముందు ఒకడికి రాగి రేకు కోసిచ్చాను. నా చేతుల్తో కోసింది. ఎంత బావుందంటే గోడకి తగిలించుకోవాలనిపించింది. అది పోలేదు. వారం రోజులు అందరూ నన్ను మెచ్చుకున్నారు. తర్వాత రాడ్డు బయటికొచ్చింది. పడవ చెక్కకి నిమ్మకాయంత కన్నం పడింది, ఆ మనిషి పాదానికి బెత్తెడు ఇవతల."

"పాదానికి ఏం కాలేదుగా?"

"ఏం కాలేదు."

"మరి?"

"మరేం లేదు. ఆ బెత్తెడు నేను కొలిచి పెట్టింది కాదు. అదే."

బోల్టుల్ని మధ్య నుంచి అంచులకి వరస తప్పకుండా మూడు విడతలుగా బిగించింది. ఇంజను వేడి చేసి, చల్లార్చి, మళ్ళీ ఒకసారి బిగించింది. ఆ రెండో బిగింపు పందెం ఇంజన్లు కట్టే కుర్రకారు ఎవరూ చెయ్యరు. ఆమె ఎప్పుడూ మానలేదు.

పందెం రోజు కాలువ రెండు పక్కలా జనం. వెదురు బొంగుల్లో కాల్చిన తీపి అన్నం వాసన, డీజిలు వాసన, మైకులో ఒకడి అరుపులు. రెండేసి పడవలు పక్కపక్కన. తిన్నగా అర కిలోమీటరు. లమూన్ ఒక ప్లాస్టిక్ స్టూలు తెచ్చుకుని గట్టు మీద కూర్చుంది, పానాల సంచి కాళ్ళ దగ్గర.

మొదటి పోటీ 'బంగారు నాగు' గెలిచింది. రెండోదీ గెలిచింది, అర పడవ పొడుగు తేడాతో. తవిల్ గట్టు మీద గంతులు వేశాడు. లమూన్ దగ్గరికొచ్చి ఐసు కాఫీ చేతిలో పెట్టి, "నీ అట్ట గట్టిదేనే" అన్నాడు.

"గట్టిది కాదన్నా. సరైంది."

చివరి పోటీ, లమూన్ కాదన్నాక బంచా వేరేవాళ్ళకి కట్టిన పడవతో. అందులో మూడు పొరల స్టీలు ఉందని అందరికీ తెలుసు. ఆ పడవ తన రెండు పోటీలూ రెండేసి పడవల తేడాతో గెలిచింది. మైకువాడు అదే పదే పదే అరుస్తున్నాడు.

మధ్యాహ్నం విరామం తర్వాత 'బంగారు నాగు' ఇంజను స్టార్టు చేశారు. లమూన్ కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. టర్బో ఈల మారింది. సన్నగా, పైకి, ఇంకా పైకి వెళుతోంది. పొద్దుటి ఈల కాదు ఇది. పంతొమ్మిదేళ్ళు గట్టు మీంచి వినీ వినీ ఆ ఇంజను గొంతు ఆమెకి తన గొంతు కన్నా బాగా తెలుసు. నీటి అంచు దాకా దిగింది.

"జుక్! స్ప్రింగు ఎవరు ముట్టుకున్నారు?"

పడవ ఆరు అడుగుల దూరంలో ఉంది. ఒక్క అంగ వేస్తే అందులో ఉంటుంది. ముక్కుకి కట్టిన దండలు గాలికి ఊగుతున్నాయి. ఆమె ఆగిపోయింది.

జుక్ ఆమె వైపు చూడలేదు. గాలి ముల్లు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఎవరూ ముట్టుకోలేదు పిన్నీ."

"నా మొహం చూసి చెప్పు."

"ఎవరూ ముట్టుకోలేదన్నానా!"

ఆ వెనకే తవిల్ అరిచాడు, "చెల్లెమ్మా, పక్కకి జరుగు, జెండా ఊపుతున్నారు!"

మూడు వందల మీటర్ల దాకా 'బంగారు నాగు' ముందుంది. అది మాత్రం ఎవరూ కాదనరు, ఆ గట్టు వాళ్ళు కూడా. ఆ తర్వాత నీళ్ళు పారే గొట్టంలోంచి తెల్లటి ఆవిరి ఒక్కసారిగా తన్నుకొచ్చింది. ఇంజను దగ్గింది, మూలిగింది, పడవ ముక్కు నీళ్ళలోకి వంగింది. పక్కనుంచి బంచా పడవ దూసుకుపోయింది. గమ్యం దాటింది. దాని ఇంజనుకి ఏమీ కాలేదు. ఆ తర్వాత కూడా ఏమీ కాలేదు.

'బంగారు నాగు'ని తాడు కట్టి గట్టుకి లాగారు. జుక్ ఇంకా ఇంజను పక్కనే కూర్చుని ఉన్నాడు, తొడల దాకా తడిసిపోయి. రెండు కాళ్ళూ ఉన్నాయి. తవిల్ మొహం చూస్తే ఏడుస్తాడేమో అనిపించింది. అందరూ వినేలా అన్నాడు. "చెప్పానా? పేరు తీసేస్తానని చెప్పానా లేదా? ఆడదాని మాట విని..."

లమూన్ పానాల సంచి భుజానికి తగిలించుకుంది. చెప్పులు గట్టు మీద విడిచింది. పడవ ముక్కు దగ్గరికి వెళ్ళి, దండల ముందు రెండు చేతులు జోడించి, "అమ్మా, నువ్వూ ఆడదానివే" అంది. ముక్కు మీద కాలు పెట్టి ఎక్కింది.

మైకువాడి అరుపు మధ్యలో తెగిపోయింది. ఎవరో ముసలాయన "ఏయ్, దిగు!" అన్నాడు గాని ఆ గొంతులో బలం లేదు.

"మీరు చేసింది చూసి ఆవిడ ఇందాకే దిగిపోయి ఉంటుంది తాతా" అంది లమూన్ వెనక్కి తిరక్కుండా. "ఇప్పుడిది ఒట్టి నా పని."

ముందు టర్బో పక్కన ఆ చిన్న తలుపు విప్పింది. స్ప్రింగు కింద రెండు వాషర్లు. ఒక్కొక్కటి నాణెమంత మందం. వాటిని ఎవరికీ చూపించలేదు, ఎవర్నీ అడగలేదు. పడవ అంచు చెక్క మీద పక్కపక్కన పెట్టింది. తవిల్ వాటిని చూశాడు, తర్వాత తన చేతులు చూసుకున్నాడు. గోళ్ళలో ఇంకా గ్రీజు ఉంది.

తర్వాత హెడ్డు విప్పింది. ముప్పావు గంట పట్టింది. ఎవరూ సాయం రాలేదు, ఎవరూ వెళ్ళిపోలేదు. హెడ్డు ఎత్తేటప్పుడు మాత్రం జుక్ లేచి రెండో పక్క పట్టుకున్నాడు. గాస్కెట్ రెండో సిలిండరుకీ మూడో సిలిండరుకీ నడుమ వేలి గోరంత మేర కాలిపోయి ఉంది. మిగతా అంతా కొత్తదిలాగే ఉంది. నాలుగు పిస్టన్లూ తిప్పి చూసింది. నాలుగూ పైకి వచ్చాయి, కిందికి వెళ్ళాయి. రెండో పిస్టన్ అంచున మాత్రం ఇసుక చల్లినట్టు సన్నటి గరుకు.

బంచా గట్టు మీంచి వంగి చూశాడు. గెలిచినవాడు, వెటకారం చెయ్యవచ్చు, చెయ్యలేదు. "అది పిస్టన్ కరగడం మొదలెట్టిన గుర్తే అక్కా" అన్నాడు. కాసేపాగి, "పాత మచ్చ అయినా కావచ్చు" అన్నాడు.

"కావచ్చు."

"నా స్టీలు వేసుంటే ఆ మిగిలిన రెండు వందల మీటర్లూ వెళ్ళిపోయేవాళ్ళు."

"వెళ్ళిపోయేవాళ్ళేమో."

"ఏమీ అయ్యేది కాదేమో."

"అయ్యేది కాదేమో" అంది లమూన్. గాస్కెట్‌ని గుడ్డతో తుడిచి ఎండకి పట్టి చూసింది. "నేను దీన్ని అడిగింది ఒకటే తమ్ముడూ, ముందు నువ్వు పో అని. పోయింది. నేను చెప్పిన మాట విన్నది ఈ పడవలో ఇదొక్కటే."

జుక్ తల దించుకున్నాడు. "పిన్నీ, నేను..."

ఆమె అతని తడి మోకాలి మీద ఒక్క క్షణం చెయ్యి పెట్టింది, పిస్టన్ పైభాగం తడిమి చూసినట్టే, ఎక్కడైనా గరుకు ఉందేమోనన్నట్టు. చెయ్యి తీసేసింది.

తవిల్ నీటి అంచుకొచ్చాడు. "లమూన్, నేను... ఆ పేరు ఉండనీలే. ఉండనీ. రెండు వాషర్లే కదా అనుకున్నాను. మళ్ళీ ఏడు నువ్వే కట్టు."

లమూన్ సంచిలోంచి థిన్నర్ సీసా తీసింది. గుడ్డ తడిపింది. పడవ అంచు మీంచి వంగి, తలకిందులుగా కనిపిస్తున్న తన పేరు మీద రుద్దడం మొదలుపెట్టింది.

"అయ్యో, వద్దంటున్నానుగా!"

"పోతే తీసేస్తానన్నావు. పోయింది. నీ మాట నువ్వు మింగెయ్యగలవేమో అన్నా, నా మాట నాకు గొంతు దిగదు" అంది రుద్దుతూనే. "నా చెయ్యి పెట్టడానికి వీల్లేని పడవ మీద నా పేరెందుకు? పంతొమ్మిదేళ్ళకి ఇవాళ తెలిసింది నాకు. నెమ్మదిగా తెలుస్తుంది నాకు ఏదైనా."

పంతొమ్మిది పొరల పసుపు. పై పొరలు తేలిగ్గా వచ్చాయి, కింది పొర చెక్కలోకి ఇంకిపోయింది. ఎంత రుద్దినా నీడలా మిగిలింది. దాన్ని ఆమె అలాగే వదిలేసింది. ఇప్పటికీ ఆ పడవ దగ్గరగా వస్తే అక్కడేదో అక్షరాలు ఉండేవని తెలుస్తుంది.

జుక్ గభాలున లేచి, ఆమె దిగడానికి చెయ్యి అందించాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకోలేదు. ఎక్కిన ముక్కు మీంచే దిగింది, దండలు తగలకుండా నడుముకి చుట్టుకున్న పాసిన్ గుడ్డ అంచుని చీర కుచ్చిళ్ళలా పైకి పట్టుకుని. చెప్పుల్లో కాళ్ళు దూర్చింది. ప్లాస్టిక్ స్టూలు చంకలో పెట్టుకుంది. కాలిన గాస్కెట్‌ని దండలా మోచేతికి తగిలించుకుంది. జనం రెండు పక్కలకీ జరిగి దారి ఇచ్చారు.

తవిల్ పక్కకి తప్పుకున్నాడు. బంచా రెండు చేతులూ జోడించాడు. జుక్ పడవలో నిలబడి, ఆమె ఒక్కసారి తిరిగి చూస్తుందేమోనని చూస్తూ ఉన్నాడు. ఆమె గట్టు ఎక్కి, తీపి అన్నం దుకాణం పక్కనుంచి మలుపు తిరిగి వెళ్ళిపోయింది.